ఎర్రన్న బావ తుపాకి బేరం

మా బావ ఎర్రన్న చేతికి ఏ వస్తువూ ఇవ్వకూడదు. ఇచ్చామంటే అది ఎలా పనిచేస్తుందో చూడాలంటాడు. ఆయన భాషలో చూడడమంటే విప్పడం. మా అక్క గున్నమ్మకు పెళ్ళిలో పెట్టిన గోడ గడియారం దగ్గర్నుంచి నా ఫైబర్ బోటు ఇంజను దాకా ఆయన విప్పనిది లేదు. విప్పినవాటిని చాలావరకు మళ్ళీ బిగించాడు కూడా, ఆ మాట ఒప్పుకోవాలి. గడియారం ఒక్కటే ఇప్పటికీ దానికి తోచినప్పుడు గంటలు కొడుతుంది.

మాది భోగాపురం దిగువన సముద్రపు ఒడ్డు పల్లె. నన్ను యుగంధర్ అంటారు. రాజాంలో పిన్నిగారింట్లో ఉండి ఇంటర్ దాకా చదివి, చేపల వాసన లేని చోట ఉండలేక వెనక్కి వచ్చేశాను. నాన్న పోయాక బోటు నా పేరు మీదికొచ్చింది. పేరు నాదే గాని బోటు మీద మాట మా బావదే. వలలో పడ్డ చేపల్లో ఒకదాని పొట్ట అక్కడికక్కడే కోసి, అది ఏం తిన్నదో చూసి, ఆ తిండి ఎక్కడ దొరుకుతుందో అక్కడికి పదమనేవాడు. సగంసార్లు నిజంగానే చేప దొరికేది. దొరకని సగం గురించి ఎవర్నీ మాట్లాడనిచ్చేవాడు కాదు.

అలాంటి మనిషికి వల లాగుతుండగా సీసపు గుండు ఒకటి తెగి ఎగిరొచ్చి కుడికంటికి తగిలింది. విశాఖపట్నం ఆస్పత్రిలో చూసి, ఈ కంటికి ఇక చూపు రాదన్నారు. కట్టు విప్పిన మర్నాడే బావ బోటెక్కాడు. ఇంకో కన్ను ఉంది కదా, అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఒకసారి పక్క బోటువాళ్ళు తాడు విసిరితే, రోజూ అందుకునే తాడే, బావ చెయ్యి చాచాడు, తాడు ఆయన వేళ్ళ ముందునుంచి జారిపోయింది. దాన్ని పట్టుకోబోయి ముందుకు వంగి బోటులోంచి బయటికి తూలాడు. నేను పంచె పట్టుకుని లాగకపోతే ఇంజను రెక్కల మీదే పడేవాడు. ఇంకోసారి కూడా అలాగే జరిగాక, బావా, నువ్వు ఒడ్డున ఉండు, అనేశాను.

ఆ మాటతో ఆయన నాతో మాట్లాడడం మానలేదు. మానితే బాగుండేది. రోజూ వచ్చి, వేట ఎలా అయిందని అడిగి, బోటు కడిగి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయేవాడు. ఊళ్ళో మాత్రం, మా బావమరిది నాకు కన్ను ఆనదంటన్నాడు, వాడి కళ్ళే నెత్తికెక్కాయి, అని చెప్పేవాడట. ఐసు బాక్సులు నింపే పని చూపిస్తే వద్దన్నాడు. ఎండు చేపల కొట్టు పెట్టుకోమంటే నవ్వాడు. చివరికి వేరావల్ పోతానన్నాడు. మా తీరం జనం గుజరాత్ వెళ్ళి పెద్ద బోట్ల మీద పనిచేయడం కొత్తేమీ కాదు. వానాకాలంలో మేస్త్రీ వచ్చి మనుషుల్ని తీసుకుపోతాడు. వాడు చేతులు చూస్తాడు గాని కళ్ళు చూడడు. మా అక్క నా దగ్గరికొచ్చి కూర్చుని, "ఒరే యుగా, ఆ మనిసి అక్కడ నీల్లలో పడిపోతే నాకు సెప్పడానికి కూడా ఎవుడూ ఉండడురా," అంది. నాకున్న భయమూ అదే. ఇక్కడైతే పంచె పట్టుకోవడానికి నేనున్నాను.

రెండు వేల పదమూడులో శివరాత్రికి రామతీర్థం వెళ్ళాం. అక్కడ గజపతినగరం నుంచి వచ్చిన గణపతిరావు అనే ఆయన బుడగల బోర్డు పెట్టాడు. రంగుబుడగలు వరసగా కట్టి ఉంటాయి, గాలి తుపాకితో కాల్చాలి, అదే. అందరూ బోర్డు ముందు నిలబడితే మా బావ బోర్డు వెనక్కి వెళ్ళాడు. నేనూ అక్కా జంతికలు తిని, గాజులు కొని, దర్శనం చేసుకుని వచ్చేసరికి ఆయన గణపతిరావు పక్కన స్టూలు మీద కూర్చుని ఒక తుపాకిని ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. కన్ను పోయాక ఆయన మొహంలో ఆ వెలుగు చూడడం నాకదే మొదలు.

దారిపొడవునా అదే ప్రసంగం. ఇది మందు తుపాకి కాదట, పెట్రోమాక్సు లైటు పంపులాంటిదేనట. గొట్టాన్ని మధ్యకు మడిస్తే లోపల పెద్ద స్ప్రింగు వెనక్కి నొక్కుకుంటుంది. మీట లాగితే స్ప్రింగు ఒక్కసారి ముందుకు దూకి తోలు వాచరును తోస్తుంది. ఆ గాలికి గుండు బయటికి పోతుంది. పాత తుపాకులైతే స్ప్రింగు పోయినా, వాచరు పోయినా మన ఊళ్ళోనే చేయించుకోవచ్చునట. ఒక్క సంగతి మాత్రం బావకు నచ్చలేదు. గణపతిరావు తుపాకుల కొసన ఉండే గురి ముల్లును కాస్త పక్కకు వంచి ఉంచుతాడట, బుడగలు తొందరగా అయిపోకుండా. డబ్బులిచ్చి కాల్చినవాడు తనకెందుకు తగల్లేదో తెలియకుండా వెళ్ళిపోవడం ఏం న్యాయమని బావ బస్సులో నాతో దెబ్బలాడాడు, బోర్డు పెట్టింది నేనైనట్టు.

ఆ వారమంతా ఆలోచించి, చివరికి తనూ ఒక బోర్డు పెడతానన్నాడు. ఎండాకాలంలో గవర్నమెంటు వేట ఆపేస్తుంది, ఊరూరా అమ్మవారి పండగలు ఆ రోజుల్లోనే వస్తాయి. తర్వాత ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట తీర్థం ఉంటుంది. గురి వంచని తుపాకి ఒకటి మంచిది దొరికితే ఉండిపోతాను, దొరక్కపోతే మేస్త్రీతో పోతాను, అని అక్కతో చెప్పాడట. అక్క ఆ మాట పట్టుకుని నా ప్రాణం తీసింది. తుపాకి ఎక్కడ దొరుకుతుందో నాకేం తెలుసు? కనుక్కున్నది లక్ష్మణమ్మ. ఆవిడ మా పల్లె నుంచి ఎండు చేపలు తట్టలో పెట్టుకుని బస్సుల్లో తిరిగి ఇంటింటికీ అమ్ముతుంది. ఎవరింట్లో అటక మీద ఏముందో ఆ ఇంటివాళ్ళకంటే ఆవిడకే బాగా తెలుసు. శృంగవరపుకోటలో నరసింగరావు గారని తోటలున్న రైతు దగ్గర వాళ్ళ నాన్నగారి నాటి గాలి తుపాకి ఒకటి ఉందనీ, ఇస్తామంటున్నారనీ కబురు తెచ్చింది.

బావ ఒక సంచిలో వలతాడు, మెత్తటి గుడ్డ, సిగరెట్టు పెట్టెలోని పల్చటి కాగితం, స్క్రూడ్రైవరు పెట్టుకుని బయల్దేరాడు. పిల్లను చూడ్డానికి వెళ్ళేవాళ్ళు కూడా అంత సిద్ధపడరు. నరసింగరావు గారు అరవై దాటిన మనిషి, మాటకారి. తుపాకిని పట్టుపంచెలో చుట్టి తెచ్చి వాకిట్లో బల్ల మీద పెట్టారు. మామిడి తోటలో గబ్బిలాలు కాయలు కొరికేస్తుంటే వాళ్ళ నాన్నగారు విశాఖపట్నం ఓడరేవులో ఎవరో దొరగారి సామాన్ల వేలంలో కొన్నారట. గొట్టం మీద ఏవో అక్షరాలు చెక్కి ఉన్నాయి గాని అరిగిపోయి చదవడానికి రావడం లేదు. కర్ర మాత్రం చక్కగా ఉంది, చేతులు పట్టి పట్టి నున్నబడింది.

బావ దాన్ని ముందు వాసన చూశాడు. చేప తాజాదో కాదో చూసినట్టే, ముక్కు గొట్టం మడత దగ్గర పెట్టి పీల్చాడు. ఆముదం వాసన. నరసింగరావు గారు సంతోషపడి, ప్రతి దసరాకీ ఆయుధ పూజలో నాగలితోపాటు దీనికీ పసుపు కుంకుమలు పెట్టి, తుప్పు పట్టకుండా లోపల ఆముదం పోస్తామని చెప్పారు. నిజమే, మడత కీలులో ఏళ్ళ తరబడి కుంకుమ గట్టిపడి ఉంది. బావ స్క్రూడ్రైవరు మొనతో దాన్నంతా గీకి తీశాడు. తీసేముందు కళ్ళకద్దుకున్నాడు.

తర్వాత గొట్టాన్ని మెల్లగా మడిచాడు. స్ప్రింగు నొక్కుకుంటున్నప్పుడు చెవి ఆనించి విన్నాడు. గీర లేదు, కటకట లేదు. గొట్టాన్ని అటూ ఇటూ ఊపి కీలు వదులుందేమో చూశాడు. మడత మీద సిగరెట్టు కాగితం ముక్క పెట్టి గుండు పెట్టి కాల్చాడు. ఢామ్మని పెద్ద మోతతో గొట్టంలోంచి నీలంగా పొగ వచ్చింది, వాకిలంతా ఆముదం మాడిన వాసన. నరసింగరావు గారి భార్య పద్మకుమారి గారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు. లోపల ఆముదం ఆ గాలి ఒత్తిడికి మండిపోతోందని బావకు ఒక్క క్షణంలో అర్థమైంది, డీజిలింజను నడిచేది అలాగే కదా అన్నాడు. ఇంకొన్ని కాల్చాక పొగ పోయింది. కాగితం మాత్రం పెట్టినచోటే ఉంది. అంటే మడత దగ్గర గాలి కారడం లేదు.

ఇక గురి. ప్రహరీ గోడకు స్వీటు పెట్టె అట్ట ఒకటి ఆనించి, మధ్యలో బొగ్గుతో చుక్క పెట్టారు. బావ కాల్చాడు. గుండు ఎడమకు పోయింది. మళ్ళీ కాల్చాడు, మళ్ళీ ఎడమకే. మూడోది అట్టకే తగల్లేదు. నరసింగరావు గారు అందుకుని కాల్చారు. ఆయన చేతులు వణుకుతున్నాయి, గుళ్ళు తలా ఒక దిక్కూ వెళ్ళాయి. నేను కాల్చాను. ఒకటి దగ్గరగా పడింది, ఇంకోటి ఎక్కడ పడిందో నాకూ తెలీదు. అందరం అనుకుంటున్నది ఒకటే, తప్పు తుపాకిదా, మనిషిదా? బావ నావైపు చూసి చూపు తిప్పేసుకున్నాడు.

"మనుసుల్ని తీసేసి సూద్దారి బాబూ," అన్నాడు ఆయన.

తీసేయడమంటే, తుపాకిని బల్లకు కట్టేయడం. వలతాడు తీసి, ముందొక కట్టు, వెనకొక కట్టు, తుఫానుకు బోటును కట్టినట్టు బిగించాడు. చేత్తో ఊపితే బల్ల కదులుతుంది గాని తుపాకి కదలదు. గొట్టం మడవడానికి వీలుగా దాన్ని మాత్రం కట్టకుండా వదిలేశాడు. గురి చుక్క మీదికి తెచ్చి, ఒక్క వేలితో మీట లాగడం, గుండు పెట్టడం, మళ్ళీ లాగడం. మనిషి చెయ్యి లేదు, మనిషి కన్ను లేదు. అయిపోయాక వెళ్ళి అట్ట చూస్తే, గుళ్ళు ఆవాలు చల్లినట్టు పడ్డాయి. ఒకటి పైన, ఒకటి కింద, ఒకటి మూలకు.

అప్పుడు మా బావ మొహం చూశాను. ఎంత నిశ్చింతగా ఉందో చెప్పలేను. "గొట్టం అరిగిపోనాది బాబూ. మనిసి తప్పు కాదు, దీందే," అన్నాడు. ఆ మాట నరసింగరావు గారితో అన్నా, చెప్పింది నాకు. నా లెక్క వేరు. తుపాకి చెడ్డదైతే బావ వేరావల్ పోతాడు. అక్కకేం చెప్పాలి? నరసింగరావు గారికి మనసు నొచ్చుకుంది. వాళ్ళ నాన్నగారు దీంతో ఎగిరే గబ్బిలాన్ని కొట్టేవారని, కావాలంటే ధర తగ్గిస్తానని, నచ్చకపోతే వదిలేయమని ఒకదానిమీద ఒకటి అన్నారు. పద్మకుమారి గారు టీ తెచ్చారు. టీ తాగి లేచిపోవడమే మిగిలింది.

బావ టీ తాగుతూ తుపాకినే చూస్తున్నాడు. గ్లాసు కింద పెట్టి వెళ్ళి కట్టు విప్పాడు. తాడు ఒరుసుకున్నచోట కర్ర మీది మెరుగు తెల్లగా లేచిపోయి ఉంది. అంత బిగించి కట్టినా లోపల తుపాకి కదిలిందన్నమాట. దానిమీద బొటనవేలితో రుద్దుతూ చాలాసేపు నిలబడ్డాడు. ఆయన అక్కడితో ఆగిపోయి ఉంటే మాలో ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. గొట్టం అరిగిందనే అందరం నమ్మేవాళ్ళం, ఆయన కంటికి మాట వచ్చేది కాదు. కానీ ఆ మనిషికి తెలియనిది ఒకటి కనబడితే దాన్ని వదిలి నడవడం చేతకాదు.

"ఇది కొట్టుకుంటన్నాదిరా యుగా," అన్నాడు. "లోపల స్ప్రింగు దూకినప్పుడు ఇది ముందుకీ ఎనక్కీ ఊగాల. మనం ఊగనీకుండా కట్టేసినాం. పొట్టి తాడుతో కట్టిన బోటు అల కొట్టినప్పుడల్లా ఏటవుతాది, ఎటుబడితే అటు గుంజుకోదేటి?"

తువ్వాలు మెత్తగా చుట్టి బల్ల మీద పెట్టి, దానిమీద తుపాకిని పడుకోబెట్టాడు. తాడు కట్టలేదు. అరచెయ్యి కింద ఊరికే ఆనించి, పిల్లి వీపు మీద చెయ్యేసినంత తేలిగ్గా పట్టుకున్నాడు. చుక్కను చూసి మీట లాగాడు. మళ్ళీ అలాగే సర్ది, మళ్ళీ లాగాడు. దూరం నుంచి చూస్తే అట్ట మీద కొత్త కన్నం ఒక్కటే కనబడుతోంది. గుళ్ళు వేరేచోట పడుతున్నాయేమో అనుకుని దగ్గరికెళ్ళాను. అన్నీ ఆ కన్నంలోంచే పోయాయి. చుక్కకు కొంచెం పక్కన, రూపాయి బిళ్ళ పెడితే మూసుకుపోయేంత మేరలో. గురి మరను కాస్త తిప్పితే చుక్క మీదికే వస్తుంది.

నరసింగరావు గారు చప్పట్లు కొట్టారు. బావ అట్టను చేతిలోకి తీసుకుని ఆ కన్నంలోంచి వెలుతురు చూశాడు. "తుపాకి బంగారం బాబూ," అన్నాడు. అట్ట దించి, "అయితే తప్పు నాదే," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో నాకు తెలుసు. నేను నేలచూపులు చూశాను. ఏడాదిగా నేననలేని మాట ఆయనే అన్నా, నాకేమీ బాగనిపించలేదు.

ఇక్కడే నరసింగరావు గారు ఏ ఉద్దేశమూ లేకుండా ఒక మాట అన్నారు. గురి చూసేటప్పుడు రెండు కళ్ళున్నవాడు కూడా ఒకటి మూసుకుంటాడు కదా, మరి మీకేటి ఇబ్బంది, అన్నారు. బావ ఉలిక్కిపడ్డట్టు తలెత్తాడు. తుపాకి తీసి కుడి భుజాన పెట్టుకున్నాడు, మెడ వంచి ఎడమ కన్నును గురి దగ్గరికి తేబోయాడు, అలాగే ఆగిపోయాడు. ఇందాక కాల్చింది అలా మెడ విరుచుకునే. దాన్ని ఎడమ భుజానికి మార్చాడు. చేతులు తికమకపడ్డాయి, మీట మీద ఎడమ వేలు నిలవలేదు. ఒకటి గోడకు పోయింది. రెండోది అట్ట అంచుకు. ఆ తర్వాత వరసగా చుక్క చుట్టూనే.

"సూసినావేట్రా?" అన్నాడు నావైపు తిరిగి. ఆ నవ్వు నేను మర్చిపోలేను. "నా కన్ను బాగున్నట్టే కదా?"

అవునంటే మళ్ళీ బోటెక్కుతానంటాడు. కాదంటే ఆ నవ్వు పోతుంది. ముందు బేరం సంగతి చూడు బావా, అన్నాను. బేరం కుదిరింది. ఎంతకన్నది మా అక్కకు ఈనాటికీ చెప్పలేదు. పద్మకుమారి గారు పాత చీర ఒకటిచ్చి తుపాకిని చుట్టించారు, చుక్క ఉన్న అట్టను కూడా దానితోపాటే.

విజయనగరం బస్సులో బావ కిటికీ పక్కన, నేను ఇవతల. తుపాకి ఆయన మోకాళ్ళ మధ్య నిలబడి ఉంది. అదేమిటని కండక్టరు అడిగితే, గాలి పంపు బాబూ, అన్నాడు. అబద్ధం కాదు. బావ మంచి హుషారుగా ఉన్నాడు. బోర్డు ఎంత వెడల్పుండాలో, బుడగలకు ఎంత దూరంలో జనాన్ని నిలబెట్టాలో, ఎడమచేతివాళ్ళొస్తే ఏం చెప్పాలో అన్నీ లెక్కలు కడుతున్నాడు. ఆ హుషారులోనే, వేట మొదలయ్యాక వారంలో నాలుగు రోజులు బోటు, మిగతా రోజులు తీర్థాలు, అని కలిపేశాడు. నేను ఊఁ కొట్టాను. గొడవ ఇంటికెళ్ళాక పడదామనుకున్నాను. ఇవాళ్టికి ఆయన్ని సంతోషంగా ఉండనిద్దామనుకున్నాను.

కండక్టరు టికెట్లు చింపి చాచాడు. బావ చెయ్యి చాచి పట్టుకున్నాడు. పట్టుకున్నది గాలి. టికెట్లు ఆయన వేళ్ళకు అవతల ఉన్నాయి. ఈయన వేళాకోళమాడుతున్నాడనుకుని కండక్టరు టికెట్లు ఆయన గుప్పిట్లో కుక్కి వెళ్ళిపోయాడు.

బావ ఆ గుప్పిటను చూస్తూ కూర్చున్నాడు. తర్వాత టికెట్టు నా చేతికిచ్చి, దూరంగా పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. చెయ్యి చాచాడు, అందలేదు. "పొట్టా, పొడుగా?" అని అడిగాడు. పొట్టే, వేళ్ళు ఇవతలే ఆగిపోతున్నాయి, అన్నాను. ఇంకోచోట పట్టుకోమన్నాడు. మళ్ళీ పొట్టే. పైన, కింద, కిటికీ వైపు, సీటు వైపు. ఇందాక తుపాకి గుళ్ళు ఎక్కడెక్కడ పడ్డాయో చూసిన మనిషే, ఇప్పుడు తన వేళ్ళు ఎక్కడ పడుతున్నాయో అంత శ్రద్ధగానూ చూస్తున్నాడు. వెనక సీటులో ఎవరో నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. నాకు మాత్రం చెయ్యి దించేసుకుని ఏడవాలనిపించింది.

"ఆ దినం తాడు గూడా ఇలాగేనేటి?" అన్నాడు.

"ఇలాగే బావా. జానెడు పొట్టయినాది."

"రెండోసారీ?"

"అప్పుడూ పొట్టే."

"మరి సెప్పనేదేట్రా?"

"సెప్పనిచ్చినావేటి?"

ఆయన తల ఊపాడు. కోపం లేదు. తెలియనిది తెలిసిన మనిషిలా తనలో తను ఏదో సరిచూసుకుంటున్నాడు. గురి చూడడానికి ఒక కన్ను సరిపోతుంది గాని, ఎంత దూరంలో ఉందో తెలియాలంటే రెండూ కావాలేమో అన్నాడు, ఇంజను గురించి మాట్లాడినట్టే. అస్తమానూ పొట్టే అవుతోంది కాబట్టి ఇంట్లో చెంబు, గ్లాసు అందుకోవడానికి చెయ్యి కాస్త ముందుకు పోనిస్తే సరిపోతుందట, కొన్నాళ్ళకు అలవాటవుతుందట. ఇంకోసారి చాచాడు, ఈసారి కావాలని కాస్త ముందుకు. టికెట్టు అందింది. అందినందుకు నవ్వి, బస్సు కుదుపుకు నేను చెయ్యి కదిపితే మళ్ళీ తప్పాడు.

"నీల్ల మీద ఏదీ కుదురుగుండదు కదా," అన్నాడు. టికెట్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాసేపు బయటికి చూశాడు. "మేస్త్రీకి నాను రానని కబురెట్టీ. బోటు దించినప్పుడు ముందు తాడు అసిరయ్యకియ్యి. ఆడి సెయ్యి బేగి పోతాది."

అసిరయ్య మా బోటులో వెనక కూర్చునే చురుకైన మనిషి. బోటు ముందు చోటు నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ మా బావది. నేను సరే అన్నాను. ఆ మాట ఆయన నోటివెంట రావాలని ఏడాదిగా ఎదురుచూశాను. తీరా వచ్చాక, తాడు అందకపోయినా ఫరవాలేదు, రా బావా అనాలనిపించింది. అనలేదు. విజయనగరం కాంప్లెక్సులో దిగేటప్పుడు ఆయన మెట్టు కోసం కాలు చాచి ఒక్క క్షణం ఆగితే, భుజం కింద చెయ్యేశాను. ఏడాదిలో మొదటిసారి నా చెయ్యి విదిలించుకోలేదు.